అత్తగారి పోస్టరు

ఘనాలోని కుమాసీలో అత్తగారు పోతే అల్లుడన్నవాడు నలుగురూ చూసేలా ఏదో ఒకటి తేవాలి. మిగతా అల్లుళ్లు మేకలూ సారా సీసాలూ తెస్తుంటే, పోస్టర్ల షాపు ఒఫోసు మాత్రం "కూడలిలో తాటిచెట్టంత పోస్టరు పెట్టిస్తా" అని ఊరంతా చాటుకున్నాడు. శనివారం అంత్యక్రియలు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా అది నిలబడకపోతే అత్తవారింట అతనికి పరువుండదు. ఆ శుక్రవారం పొద్దున్నే తీరిగ్గా షాపుకొచ్చి, అత్తగారి ఫొటో దాచిన కంప్యూటరు నొక్కాడు. అది లినక్స్‌తో నడిచేది. తెర నల్లగా ఉండిపోయింది. డిస్కు పాడైంది, బాగుచేస్తేగాని లేవనని తెల్లక్షరాల్లో మొండికేసింది.

"లినక్స్ చావదు, ఫైళ్లకు నకలు అక్కర్లేదని ఎగిరారుగా?" అంది భార్య అఫ్రియే.

"చావలేదు, అలిగింది. నీకేం తెలుసు, నోర్ముయ్!"

మరమ్మతు మొదలుపెట్టాడు. ఇది సరిచేయనా, అది సరిచేయనా అని అడిగినప్పుడల్లా, చదివితే పరువు పోతుందన్నట్టు, సరే సరే అని నొక్కుతూ పోయాడు మహానుభావుడు. చివరికి ఫైళ్లన్నీ పేర్లు పోగొట్టుకుని, ఒట్టి అంకెలు తగిలించుకుని ఒక మూల కుప్పపడ్డాయి. బొమ్మలు చూపించే శక్తి ఆ నల్లతెరకు లేదు.

"అన్నిట్లోకీ పెద్ద ఫైలే అత్తగారి ఫొటో" అని తేల్చేశాడు.

"వేరే కంప్యూటర్లో ఒక్కసారి తెరిచి చూడండి."

"లినక్స్ తెలిసినవాడికి చూడాల్సిన ఖర్మేంటి?"

ఆ ఫైలు, దానిమీద వేయాల్సిన మాటలు అచ్చుకు పంపి తను స్నానానికి పోయాడు. అచ్చువాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టు వేసి కూడలిలో కట్టేశారు. పైన "అయ్యో, ఎంత ఘోరం!" అని ఎర్రక్షరాలు, కింద అత్తగారి పేరు, నడుమ ఆవిడ అన్నగారు, ఇంటిపెద్ద ద్వొమో నవ్వు ముఖం. అంత్యక్రియల్లో పంచే సంతాప పుస్తకంలో వేయడానికి తీసిన ఫొటో అది. ముఖం చూశాక పేరు చదివే ఓపిక ఎవరికుంటుంది? సంతజనం గుండెలు బాదుకుంటూ ద్వొమో ఇంటికి పరిగెత్తారు.

ద్వొమో దగ్గర్నుంచి రమ్మని కబురొచ్చింది. ఒఫోసు భార్యను ముందు నడిపించి తను వెనక నడిచాడు. ద్వొమో ఇంటి గుమ్మంలోనే అఫ్రియే ఏడుపందుకుంది.

"మామయ్యా, మా ఆయన గడ్డి తిని..."

"ఉండవే!" ద్వొమో కళ్లు తుడుచుకున్నాడు. "ఏళ్ల తరబడి నాతో మాటల్లేని ఆ అన్సా గాడు ఇక్కడ దొర్లి దొర్లి ఏడ్చాడే! నా అంత ధర్మాత్ముడు లేడట! ఏమయ్యా అల్లుడూ, ఆ పోస్టరు పీకావో ఊరుకోను. ఇంకో రెండు కట్టించు!"

ఒఫోసు వెంటనే రొమ్ము విరిచాడు. "అంతా లినక్స్ చలవ, మామయ్యా!"

మర్నాడు ఊరు ఊరంతా కదిలొచ్చి, బతికున్న ద్వొమోను చూసి సంబరపడి, కడుపునిండా తిని వెళ్లింది. ఆ అంత్యక్రియలకు అత్తగారి కోసం వచ్చింది అత్తగారొక్కతే.