షెడ్డు దిగిన మహారాణి

పెయింటరు గారి ఇంటిని ఆనుకుని, వీధివైపు తలుపున్న రేకుల షెడ్డు ఒకటుంది. ఆ షెడ్డులో తాతల కాలం నాటి ట్రక్కు ఒకటుంది. సెలవు రోజుల్లో ఆ ట్రక్కు కింద పెయింటరు గారుంటారు. ఎవరైనా వచ్చి పిలిస్తే ముందు కాళ్ళు కదుల్తాయి, తర్వాత మాట వినిపిస్తుంది.

షాపులకి బోర్డులు రాయడం ఆయన వృత్తి. ఆరేళ్ళ కిందట ఒక పాత ఇనుప సామాన్ల కొట్టుకి బోర్డు రాయడానికి వెళ్ళి, అక్కడ తుప్పుపట్టి, ఒక హెడ్‌లైటు ఊడి, పిచ్చిమొక్కల మధ్య కూలబడి ఉన్న ఈ ట్రక్కుని చూసి "అయ్యో పాపం" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆరేళ్ళ ఆదివారాలు హారతి కర్పూరంలా అయిపోయాయి.

బండిని ముక్కముక్కలుగా విప్పారు. కడిగారు, తోమారు, మళ్ళీ బిగించారు. వెనక తొట్టికి చెక్కలు స్వయంగా కోశారు. స్టీరింగు తిరుగుతుంది, బ్రేకు పడుతుంది. ఇక రంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. కనిపించే ప్రతి ఇనుప ముక్కకీ మూడేసి పూతలు, కనిపించని వాటికి నాలుగేసి. తుప్పు కనిపించని చోటే దాక్కుంటుందని ఆయన నమ్మకం.

ఆయన దానికి పెట్టుకున్న పేరు మహారాణి. వాళ్ళావిడ పెట్టిన పేరు సవతి.

మహారాణికి ఒకే ఒక్క లోపం. స్టార్టవదు. తాళం తిప్పితే "టిక్" అంటుంది. బ్యాటరీ మార్చారు. "టిక్". వైర్లు మార్చారు. "టిక్". బుజ్జగించి, బతిమాలి, దండం పెట్టినా "టిక్" తప్ప రెండో మాట లేదు.

ఆవిడ టైలరు. ముందు గదిలో నాలుగు కుట్టుమిషన్లు, రెండు స్కూళ్ళ యూనిఫారాలు. ఆ ఇంట్లో సోఫాలో కూర్చోవాలంటే ముందు ముప్పై నిక్కర్లని లేపాలి. అన్నం కలుపుకుంటే చేతికి దారప్పోగు తగలని పూట లేదు. ఆవిడ కళ్ళన్నీ ఆ షెడ్డు మీదే.

"ఏమండీ, మీ మహారాణి గారు ఎప్పుడు కదుల్తారు?"

"ఇంకెంత? చిన్న పని మిగిలింది."

"ఆ చిన్న పనిని ఈపాటికి బడిలో వెయ్యాల్సింది. నాలుగేళ్ళు నిండాయి దానికి."

"కళ తెలియనివాళ్ళతో మాట్లాడ్డం నాదే తప్పు."

"నేను కుట్టేది కళ కాదూ? మీరు వేసుకున్న చొక్కా చెట్టుకి కాసిందా?"

మాటా మాటా పెరిగి పందెందాకా వచ్చింది. ఆదివారం ఉదయం పది గంటల్లోపు ట్రక్కు తన ఇంజనుతో తను వీధి చివరిదాకా వెళ్ళిరావాలి. వెళ్ళొస్తే షెడ్డు మాట ఆవిడ జన్మలో ఎత్తదు. రాలేదో, ఆ పూటే షెడ్డు ఆవిడది. సాక్షిగా ఆవిడ తమ్ముణ్ణి పెట్టుకున్నారు. అతను అక్క ఇంట్లో తిని, బావ పక్షాన తలూపే రకం. వీధిలో అతన్ని రెఫరీ అనే పిలుస్తారు.

పందెం కాశాక పెయింటరు గారికి గుండెల్లో రాయి పడింది. షెడ్డు పోతే తను ఎక్కడుండాలి? ముప్పై నిక్కర్ల పక్కనా? ఆలోచించగా ఆలోచించగా బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. వీధి వాళ్ళింటి దగ్గర్నుంచి కిందికి వాలుగా ఉంటుంది. చక్రాలకి అడ్డుపెట్టిన ఇటుకలు తీస్తే చాలు, బండి దానంతటదే జారుకుంటూ వెళ్తుంది. కావాల్సిందల్లా ఇంజను చప్పుడు. వీధి చివరికి చేరాక "అయ్యో, పెట్రోలు అయిపోయిందే!" అంటే తిరుగు ప్రయాణం సంగతి నలుగురూ చూసుకుంటారు. పెట్రోలు అయిపోవడం ఇంజను తప్పు కాదు కదా.

మర్నాడే లారీ స్టాండుకి వెళ్ళి ఒక డ్రైవరు చేత ఇంజను స్టార్టు చేయించి, ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసుకొచ్చారు. పెద్ద స్పీకరు ఒకటి తెచ్చి బానెట్ కింద దాచారు. ఒక చేత్తో తాళం తిప్పడం, రెండో చేత్తో జేబులో ఫోను నొక్కడం బాత్రూములో తలుపేసుకుని వారం రోజులు సాధన చేశారు.

ఆదివారం తొమ్మిదిన్నరకి వీధిలో సగంమంది షెడ్డు ముందున్నారు. పెయింటరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మహారాజులా సీటెక్కారు. రెఫరీ ఇటుకలు తీశాడు.

తాళం తిప్పారు. జేబు నొక్కారు. బానెట్ కింద పది టన్నుల లారీ ఒక్కసారిగా గర్జించింది. ముందు వరసలో ఉన్న ఎదురింటి తాతగారు రెండో వరసలోకి వెళ్ళిపోయారు.

"స్టార్టయింది!" అని జనం చప్పట్లు కొట్టారు. పెయింటరు గారికి నిజంగానే ఒళ్ళు పులకరించింది. ఆ క్షణాన అది రికార్డింగని ఆయనే మర్చిపోయారు.

బ్రేకు వదలబోతుండగా రెండోవైపు తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు?" అని కంగారుపడ్డారు.

"ఆరేళ్ళు సవతిని భరించాను. ఒక్కసారి ఎక్కకూడదా? పోనివ్వండి. తమ్ముడూ, నువ్వు ఇంటి దగ్గరే ఉండరా."

బండి కదిలింది. నెమ్మదిగా, ఠీవిగా, ఎద్దుబండి వేగంతో, లారీ గర్జనతో. కిటికీల్లోంచి చేతులు ఊపుతున్నవాళ్ళకి పెయింటరు గారు తలవంచి నమస్కారాలు పెడుతున్నారు. వాలు ఎంతుందో, ఎన్ని నిమిషాలు పడుతుందో అన్నీ లెక్క చూసుకున్న మనిషి ఒక్కటే మర్చిపోయారు. వీధి మధ్యలో పంక్చరు షాపు ముందు ఒక స్పీడు బ్రేకరుంది. రోజూ నడిచి వెళ్ళేవాళ్ళకి అదేం కనిపిస్తుంది!

ముందు చక్రాలు దానికి ఆనుకున్నాయి. మహారాణి ఆగిపోయింది. బానెట్ కింద లారీ మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు ఊగిపోతోంది.

"అదేంటండీ, ఇంజను అంత అరుస్తుంటే బండి కదలదేం?"

"గేరు... గేరు కాస్త బిగుసుకుంది."

"ఏదీ, గేరు మీరు ముట్టుకోనే లేదుగా?"

ఆయన నీళ్ళు నమలబోయారు. అంతలో ఇంజను చప్పుడు తగ్గింది. బానెట్ కిందనుంచి ఆయన గొంతే, వీధంతా వినపడేలా, ఖంగుమని పలికింది.

"అన్నా, ఇంకో రెండు నిమిషాలు అలాగే తొక్కి ఉంచన్నా!"

"ఎందుకు సార్ ఇదంతా?" అంది కొత్త గొంతు.

"మా బండి స్టార్టయిందని మా ఆవిడని నమ్మించాలన్నా."

"నమ్ముతారా సార్?"

"దానికి బళ్ళ గురించి ఏం తెలుసన్నా, పిచ్చి మాలోకం!"

పెయింటరు గారు జేబు మీద దబదబా కొట్టుకున్నారు. ఆ కంగారులో వేలు ఎక్కడ తగిలిందో, రికార్డింగు మళ్ళీ మొదటికొచ్చి లారీ కొత్తగా స్టార్టయింది. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఎట్టకేలకు ఫోను నోరు మూయించి, తలకాయ స్టీరింగుకి ఆనించేశారు.

"ఓడిపోయానే" అన్నారు. ఆ మాటలో నిజంగానే ఏడుపుంది. "షెడ్డు తీసుకో. ఆరేళ్ళు నా చేతుల్తో చేశాను. దీనికి ప్రాణం ఎందుకు రాలేదో నాకిప్పటికీ తెలీదు."

ఆవిడకి జాలేసింది. పంక్చరు షాపతన్ని పిలిచి, "అన్నా, ఇదెందుకు స్టార్టవదో ఓసారి చూడవూ" అంది.

అతను చేతిలో ఉన్న రెండు టైర్ల పనీ ముగించుకుని, గంట తర్వాత వచ్చి బానెట్ ఎత్తాడు. స్పీకరుని జాగ్రత్తగా పక్కన పెట్టాడు. బ్యాటరీ నుంచి వచ్చే వైరు వెంట వేలు పోనిచ్చి, అది బండి ఇనుముకి బిగించిన చోట ఆపాడు.

"సార్, ఇక్కడ కూడా రంగేశారా?"

"వెయ్యకపోతే ఎలా? నాలుగు పూతలు వేశాను."

"ఈ వైరు ఇనుముని తాకాలి సార్. మీరు రంగుకి తగిలించారు. కరెంటు ఎటు పోవాలి?"

అతుకు వేసేముందు ట్యూబు గీకే గరుకు రేకు తెచ్చి ఆ నాలుగు పూతలూ గరగరా గీకేశాడు. ఆ గీకుడంతా తన వీపు మీదే జరుగుతున్నట్టు పెయింటరు గారు మెలికలు తిరిగారు. ఇనుము తెల్లగా తేలాక వైరు మళ్ళీ బిగించి, "కొట్టండి సార్" అన్నాడు.

తాళం తిప్పారు. మహారాణి ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి గుడగుడమంటూ అందుకుంది. లారీ గర్జన ముందు అది ముసలావిడ గురకలాగే ఉంది కానీ, పెయింటరు గారి కళ్ళు చెమర్చాయి. ఆవిడ కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వీధి చివరిదాకా వెళ్ళి, తిప్పుకుని, ఎగువకి వస్తుంటే ఆయన మళ్ళీ ధైర్యం పుంజుకున్నారు.

"చూశావా? వెళ్ళొచ్చింది. షెడ్డు నాదే!"

"పది గంటల్లోపు అన్నారు. ఇప్పుడు పదకొండు దాటింది."

"గంట అటూ ఇటూ అయితే ఏం కొంప మునిగిపోతుంది?"

షెడ్డు ముందు బండి ఆపగానే ఆయన తెల్లమొహం వేశారు. మహారాణి ఉన్న చోట నాలుగు కుట్టుమిషన్లు వరసగా ఉన్నాయి. గోడకి నిక్కర్లు వేలాడుతున్నాయి. చెమటలు కక్కుతూ రెఫరీ ఆఖరి స్టూలు సర్దుతున్నాడు.

"నువ్వు కూడానా?" అన్నారు పెయింటరు గారు.

"నేను సాక్షిని బావా. అక్క మొయ్యమంది, మోశాను."

ఆయన వాళ్ళావిడ వైపు తిరిగారు. "అంటే... నీకు ముందే తెలుసా?"

"వారంనుంచి బాత్రూములో లారీ తిరుగుతుంటే తెలియదా?"

"మరి ఎందుకు నోరు మెదపలేదు?"

"ఆరేళ్ళలో ఆ ఇటుకలు తియ్యడానికి మీకు చేతులొచ్చిందే ఇప్పుడు. నేను నోరు మెదిపితే తీసేవారా?"

ఆయన కాసేపు గొణిగి, "మరి మహారాణి ఎండకీ వానకీ వీధిలోనా? రంగు పోదూ?" అన్నారు.

"పోనివ్వండి. రంగు పోతేనేగా నడిచింది."

ఆవిడ యూనిఫారాల మూటలు నాలుగు వెనక తొట్టిలో వేయించి, మళ్ళీ ముందు సీటెక్కి కూర్చుంది. ఆదివారమైనా వార్షికోత్సవం పనులకి స్కూలు తెరిచే ఉందట, మధ్యాహ్నంలోపు బట్టలు అందాలట. ఇన్నాళ్ళూ ఆటోవాణ్ణి బతిమాలేదట.

పెయింటరు గారు తాళం తిప్పారు. మహారాణి ఈసారి మొదటి పిలుపుకే పలికింది. మీసం దువ్వుకోబోతూ అద్దంలోకి చూస్తే, వెనక రెఫరీ ఆయన పనిముట్ల పెట్టె, కింద పరుచుకునే గోనెపట్టా షెడ్డులోంచి తెచ్చి గుమ్మం పక్కన పెడుతున్నాడు. ఆయన అది చూడనట్టు నటించి గేరు వేశారు.