హెడ్డు లేని సెక్షన్

ఆ ఉదయం, ఆఫీసు కంప్యూటర్లో ఉద్యోగుల పేర్లు చూసుకునే డేటాబేస్ ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. నిన్న రిటైరైన స్టోర్స్ హెడ్డు పేరు కంప్యూటర్లోంచి తీసెయ్యాలి, పదిన్నరకి సెలవు మీద బయటపడాలి, పదకొండుకి కూతురి మొదటి నాటకం చూడాలి. "ఈసారీ రాకపోతే ఇంటికి కూడా రావద్దు" అని భార్య చెప్పే పంపింది.

మీట నొక్కాడు. తెర మీద, ‘412 పేర్లు తొలగించబడ్డాయి.’

మేనేజర్ పట్టుబట్టి పెట్టించిన రూల్సు అవి. హెడ్డు పోతే సెక్షన్ పోవాలి; సెక్షన్ పోతే అందులో మనుషులూ పోవాలి. స్టోర్స్ మనుషుల్లో ఒకాయన ప్యాకింగుకీ హెడ్డు. మేనేజర్ పేరు, చేరిన నాటి నుంచీ, ప్యాకింగులోనే ఉండిపోయింది. ఆఫీసుకే హెడ్డు కాబట్టి ఆయనతో ఆఫీసంతా పోయింది.

మేనేజర్ దగ్గర్నుంచి ఫోన్. "ఏమయ్యా! గేటు దగ్గర మెషిన్లో వేలు పెడితే నువ్వెవరంటోంది!"

"మీరు లేరు సార్."

"లేకపోవడమేంటి? ఎండలో మాడి చస్తున్నా!"

"నేనూ లేను సార్."

వెనక నుంచి వాచ్‌మన్ గొంతు. "లిస్టులో లేనివాళ్లని వదిలితే నా ఉద్యోగం ఊడుతుందని మీరేగా సార్ అన్నారు!"

"నువ్వు నోర్ముయ్! ఏమయ్యా, నిన్నటి కాపీ ఎక్కించి చావు!"

"ఎక్కట్లేదు సార్. సెక్షన్ పెడితే హెడ్డేడీ అంటోంది. హెడ్డుని పెడితే సెక్షనేదీ అంటోంది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. హెడ్డు గడి కాసేపు ఖాళీగా వదలాలి. క్షణం కూడా వదలొద్దని మీ మూడో రూలు."

"నా రూలు నాకే చెప్తావా? నీ సెలవు క్యాన్సిల్!" మేనేజర్ ఫోన్లోనే క్యాన్సిల్ నొక్కాడు. ‘మీరు ఈ సంస్థ ఉద్యోగి కారు’ అందది.

డేటాబేస్ ఆయనకీ ఒళ్లు మండింది. "ఈ రూల్సు వద్దని ఆరోజే మొత్తుకున్నా! అక్కడే నిలబడండి సార్, సాయంత్రం దాకా!"

అవతల మేనేజర్ మరోసారి వేలు పెట్టాడు; మెషిన్ మళ్లీ నువ్వెవరంది.

"సరే, తగలెయ్ ఆ రూలు! ముందు గేటు తెరువు!"

సెక్షన్లన్నీ ఖాళీ గడులతో ఎక్కాయి. తర్వాత మనుషులు ఎక్కారు. గేటు తెరుచుకుంది. ఒక్కో హెడ్డునీ నింపుతూ చివరి గడికి, అంటే మేనేజర్ గడికి, వచ్చేసరికి పదిన్నరైంది. రేపు నింపొచ్చనుకుని పరుగెత్తాడు. నాటకానికి తెర లేచేసరికి ముందు వరసలో ఉన్నాడు.

మూడు వారాలైనా ఆ గడి ఖాళీగానే ఉంది. ఇదివరకులా మేనేజర్ సంతకం కోసం ఆగిన ఫైలు మాత్రం ఒక్కటీ లేదు.