పిల్లలకు సరిపడే తెడ్లు

శనివారం ఉదయం నథానియేలు పెట్టుకున్నది ఒకటే పని. పిల్లలిద్దరికీ చేపలు పట్టే చిన్న పడవలు, కయాక్‌లు కొనాలి. ఆదివారం ఆరాధన అయ్యాక దమ్‌దమా చెరువుకు తీసుకెళ్ళాలి. మాట ఇవ్వడంలో అతనికి జాప్యం ఉండదు. నిలబెట్టుకోవడమే ఎప్పుడూ పెండింగు. సిమ్లా మాట పోయింది, సైకిలు మాట పోయింది. ఈసారి కూతురు అబిగెయిల్ తేల్చి చెప్పింది.

"పాపా, ఇస్ బార్ భీ ఝూట్ బోలా తో మైఁ కభీ కుఛ్ నహీఁ మాఁగూఁగీ."

ఈసారీ అబద్ధమైతే ఇక జన్మలో ఏమీ అడగదట. నథానియేలు కాఫీ సగంలో వదిలేశాడు. భార్య వసంతకుమారి నర్సు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ, "నాకంటే నయం. నాకా తెలివి రావడానికి పదేళ్ళు పట్టింది" అంది.

దుకాణం నోయిడాలో, ఒక నేలమాళిగలో ఉంది. లోపల కాక పైన కూర్చునే పడవలు రెండు నచ్చాయి. అడుగున చూస్తే చిల్లులు.

"భయ్యా, ఇస్‌మే ఛేద్ హై!"

"సర్‌జీ, పానీ ఉధర్ సే నికల్ జాతా హై. డూబేగా నహీఁ."

పైకొచ్చిన నీళ్ళు ఆ చిల్లుల్లోంచే పోతాయట, పడవ మునగదట. నథానియేలు సగం నమ్మాడు. చిక్కు తెడ్లతో వచ్చింది. అన్నీ పెద్దవాళ్ళవే. అబిగెయిల్ ఒకటి తీసుకుని ఊపితే ఒక కొస ఫ్యానుకు, రెండో కొస తమ్ముడు షాలోమ్ చెవికి తగిలాయి.

నథానియేలు జాన్‌బాబుకు ఫోన్ చేశాడు. జాన్‌బాబు సంఘపెద్ద, బందరు మనిషి, ఢిల్లీలో వడ్రంగులంతా ఆయనకు తెలుసు. చర్చి విందుల్లో వంట చేయించేదీ ఆయనే. ఈ చివరి సంగతి నథానియేలుకు ఆ క్షణాన గుర్తు లేదు.

"జాన్‌బాబన్నా, రేపు చర్చి అవగానే రెండు తెడ్లు కావాలి. చెక్కవి. భుజం దాకా ఉంటే చాలు."

"అంత పెద్దవే! దేనికయ్యా?"

"చేపలకన్నా. పిల్లలకి మాటిచ్చా."

"చేపలకి తెడ్డు పెడితే విరిగిపోద్దయ్యా!"

"విరక్కూడదనే కదా గట్టివి అడుగుతున్నా!"

"సరే, పిల్లలంటే ఎవరెవరు?"

"మా ఇద్దరే. కానీ మన సండేస్కూలు పిల్లలందరికీ అబిగెయిల్ చెప్పేసింది, పరువు పోద్ది."

నేలమాళిగలో సిగ్నల్ అంతంతమాత్రం. ఈ ఆఖరి మాటల్లో అవతలికి చేరింది "మన సండేస్కూలు పిల్లలందరికీ" ఒక్కటే. బందరులో పడవ నడిపేదీ తెడ్డే, గుండిగలో కలిపేదీ తెడ్డే. జాన్‌బాబు గుండిగ వైపు మనిషి. పిల్లలకు పెట్టి పెద్దలకు పెట్టకపోతే బాగుండదని కూడా ఆయనే తేల్చేశాడు.

ఆదివారం పాస్టరు గారు ఆఖరి ప్రార్థన ముగించి, "సహోదరుడు నథానియేలు మన సంఘమంతటికీ చేపల విందు ఇస్తున్నాడు" అన్నారు. అలవాటు కొద్దీ నథానియేలు అందరికంటే ముందు "ఆమేన్" అన్నాడు. తర్వాత విన్నాడు.

చర్చి వెనక గుండిగలో పులుసు ఉడుకుతోంది. గోడకు భుజం ఎత్తు గరిటెలు రెండు ఆనించి ఉన్నాయి. నథానియేలు వ్యాను మీద కట్టి తెచ్చిన కయాక్‌లను, వడ్డనకు వచ్చిన సరోజాంటీ తట్టి చూస్తోంది.

"వడ్డించేది ఇందులోనా బాబూ? చిల్లులున్నాయే, పులుసంతా కారిపోద్ది!"

"అవి పడవలాంటీ!"

"ఏదైతేనేం, కడిగించావా?"

జాన్‌బాబు అన్నీ విని, "తెడ్లంటే ఆ తెడ్లా! ముందే చెప్పి ఏడవొద్దా?" అన్నాడు. అబిగెయిల్ అన్నట్టే ఏమీ అడగలేదు. గమ్మున గేటు వైపు నడిచింది. అది చూశాక నథానియేలుకు ధైర్యం వచ్చింది.

"అందరూ బస్సెక్కండి! పులుసు చెరువు దగ్గర!"

ఆకలి మీదున్న సంఘం గుండిగతో సహా చర్చి బస్సెక్కింది. దారి పొడవునా గుండిగను పట్టుకుని పాస్టరు గారే కూర్చున్నారు. చెరువు దగ్గర వసంతకుమారి పిల్లలకు లైఫ్ జాకెట్లు బిగించింది. దుకాణంవాడు అంటగట్టిన పెద్ద తెడ్లను వాళ్ళు ఎత్తలేకపోయారు. జాన్‌బాబు గరిటెలు కొలిచి చేయించినట్టు సరిపోయాయి. పచ్చ పడవా ఎర్ర పడవా గుండ్రంగా తిరుగుతుంటే, "పాపా సచ్ బోలే!" అన్న అబిగెయిల్ అరుపు ఒడ్డు దాకా వినిపించింది, నాన్న నిజమే చెప్పాడని.

ఒడ్డున పులుసు చల్లారింది. మళ్ళీ పొయ్యెక్కించారు. గరిటెలు నీళ్ళలో ఉన్నాయి గనక జాన్‌బాబు దుకాణంవాడి పసుపురంగు ప్లాస్టిక్ తెడ్డు అందుకుని, పడవ నడిపినంత బలంగా గుండిగలో తిప్పాడు.

ఆ రోజు నథానియేలు మాట నిలబడింది. పులుసులో చేపముక్క ఒక్కటీ నిలబడలేదు.