ఓడ కోసం పెట్టిన సభ

ఆ రోజు పొద్దున జెట్టీ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి సభ మొదలుపెట్టాలి. పదకొండింటికి ముగించాలి. పావు తక్కువ పన్నెండుకు ఓడ కంపెనీ మేడమ్ ఫోను చేస్తే "మా ఊరు సిద్ధమండీ" అనాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందో ఎంత వెతికినా అతనికి కనిపించలేదు.

వంతెన కట్టాక రేవు దాటడానికి పడవ ఎక్కేవాళ్ళు లేకుండా పోయారు. రోజుకు పదిమంది వస్తే అందులో నలుగురు పడవ నడిపే సరంగు చుట్టాలే. నెలాఖరుకు జెట్టీ మూసేస్తామని పైనుంచి కాగితం కూడా వచ్చింది. ఆరుగురు పడవవాళ్ళూ, రిటైరవడానికి ఇంకా మూడేళ్ళున్న గుమాస్తా కూడా ఒక్కసారే రోడ్డున పడాలి. సరిగ్గా అప్పుడే దేవుడు పంపినట్టు విహారయాత్రల ఓడ కంపెనీ కబురు పెట్టింది. పదిహేను రోజులకోసారి ఓడ దూరంగా లోతు నీళ్ళలో ఆగుతుంది. పన్నెండు వందల మంది చిన్న పడవల్లో ఒడ్డుకొచ్చి, నాలుగు గంటలు ఊళ్ళో తిరిగి వెళ్తారు. ఊరివాళ్ళు సరేనంటే చాలు. కాకపోతే చుట్టుపక్కల ఇంకో రెండు ఊళ్ళని కూడా అడుగుతున్నారట.

"కుళాయి ఎక్కడ పెట్టాలో తేల్చడానికి మీవాళ్ళకి ఏడాదిన్నర పట్టింది. ఇది గంటలో తేలుస్తారా?" అంది భార్య. ఆమె లైబ్రరీలో పనిచేస్తుంది. సభలు చక్కగా నడపడం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండుసార్లు చదివి, జెట్టీ వెయిటింగ్ హాల్లో బోర్డు మీద మూడు రూల్స్ రాశాడు. ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టి బకెట్‌లో వెయ్యాలి, సభ అయ్యేదాకా బకెట్ ముట్టరాదు. ఎవరూ రెండు నిమిషాలకు మించి మాట్లాడరాదు. నిర్ణయం కాగానే ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని ఆ క్షణమే పని మొదలుపెట్టాలి.

అందరికీ ఆదర్శంగా ఉండాలని తన ఫోనే ముందుగా బకెట్‌లో వేశాడు.

పదింటికి వచ్చింది రిటైర్డ్ హెడ్మాస్టరమ్మ ఒక్కతే. బకెట్‌ను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. మిగతావాళ్ళు చేరేసరికి పదీ నలభై.

"ఒక్కటే విషయం. ఓడ రావచ్చా, వద్దా?" అన్నాడు గుమాస్తా.

"రావాలి గానీ, ఆ మాట మాత్రం వద్దు," అన్నాడు టీకొట్టాయన. "'ఓడకు స్వాగతం' అని బోర్డు కడితే, ఓడిపోవడానికి స్వాగతం అన్నట్టు ఉండదూ?"

"నౌక అందాం," అంది హెడ్మాస్టరమ్మ.

"నౌకంటే నాకే అర్థం కాదు, నా పడవకేం అర్థమవుతుంది?" అన్నాడు సరంగు.

మనిషికి రెండు నిమిషాలే అన్న రూలును ఎవరూ తప్పలేదు. ఒక్కొక్కరూ రెండేసి నిమిషాల చొప్పున నాలుగేసిసార్లు మాట్లాడారు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు.

"అది సరే, మరుగుదొడ్డి మాటేంటి?" అన్నాడు తాపీమేస్త్రి. "జెట్టీలో ఉన్నది ఒక్కటే కదా?"

హెడ్మాస్టరమ్మ కళ్ళు మూసుకుని లెక్క కట్టింది. "పన్నెండు వందల మంది, నాలుగు గంటలు. మనిషికి పన్నెండు సెకన్లు."

అందరూ ఒకేసారి ఆ ఒక్క తలుపువైపు తిరిగి చూశారు.

"సర్దుకోవాలి మరి," అన్నాడు సరంగు.

"ఎందుకు సర్దుకోవడం? నాలుగు కొత్తవి కడతా. బాధ్యత నాది. ఇప్పుడే మొదలుపెడతా," అని మేస్త్రి లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి వెనకవైపు నుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి. తన జన్మలో ఒక సభ ఒక పని మొదలుపెట్టించడం గుమాస్తా చూడలేదు. కళ్ళు చెమర్చాయి.

ఆ ఆనందం అయిదు నిమిషాలు. రేవు ముందు టీకొట్టు ఎవరిదన్న పేచీ మొదలైంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. రాని ఓడలోంచి దిగని జనానికి టీ అమ్మే జాగా కోసం టీకొట్టాయనా సరంగూ చొక్కాలు పట్టుకున్నారు. గుమాస్తా ఇద్దరి మధ్యా నిలబడి అటు ఒక గుద్దు, ఇటు ఒక గుద్దు తిన్నాడు.

సరిగ్గా పావు తక్కువ పన్నెండుకు బకెట్ గుర్రుమంది.

"తేనెటీగలు కాబోలు," అన్నాడు టీకొట్టాయన.

"నా ఫోను! ఓడ కంపెనీ వాళ్ళు!" గుమాస్తా ఒక్క అంగలో బకెట్ దగ్గరికి దూకాడు. హెడ్మాస్టరమ్మ దాని మీద చెయ్యి పెట్టింది.

"రూలు ఎవరు రాశారు?"

"నేనే అమ్మా, కానీ..."

"వెళ్ళి కూర్చోరా."

ఎనిమిదో తరగతిలో ఆమె దగ్గర తిన్న బెత్తం దెబ్బలు అతని కాళ్ళకి ఇంకా గుర్తున్నాయి. కాళ్ళు వాటంతటవే వెళ్ళి కూర్చున్నాయి. బకెట్ మళ్ళీ గుర్రుమంది. మళ్ళీ. ఒక్కో మోతకు తన ఉద్యోగంలోంచి ఒక్కో ఏడాది రాలిపోతున్నట్టు అనిపించింది. పన్నెండుంబావుకు, మిగతా చర్చ వచ్చే వారానికి వాయిదా వేస్తూ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు ఏకగ్రీవమైంది అదొక్కటే.

ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎంగేజ్. పది నిమిషాలు చేశాడు, పది నిమిషాలూ ఎంగేజే. పక్క ఊరికి చేస్తున్నారన్నమాట. ఆరుగురు పడవవాళ్ళూ గుమ్మంలో నిలబడి అతని మొహం చూసి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బావుండేది, కనీసం ఏడ్చేవాడు.

గాలి కోసం వెనక్కి వెళ్ళాడు. అక్కడ మరుగుదొడ్డి చెక్కు చెదరకుండా ఉంది. పడవ దిగినవాళ్ళు ఒడ్డెక్కడానికి ఉన్న రాతిమెట్లే లేవు.

"పైపు వెయ్యాలంటే అడ్డొచ్చాయన్నా," అన్నాడు మేస్త్రి చెమట తుడుచుకుంటూ. "మొత్తం కొట్టి నీళ్ళలోకి తోసేశా. నెల తిరిగేలోగా కొత్తవి కడతాలే."

గుమాస్తా మెట్లు ఉండాల్సిన చోటు అంచుదాకా నడిచాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు గానీ, ఆ గోరు కూడా ఇప్పుడు లేదు. పోయిన ఓడకు మెట్లుంటే ఎంత, లేకుంటే ఎంత అనుకుని అక్కడే చతికిలబడ్డాడు.

అప్పుడు చేతిలో ఫోను గుర్రుమంది.

"ఏడుసార్లు చేశామండీ," అంది కంపెనీ మేడమ్. "మిగతా రెండు ఊళ్ళవాళ్ళు మొదటి రింగుకే ఎత్తారు, పదిమంది ఒకేసారి అరిచారు. మా ప్రయాణికులంతా పెద్దవాళ్ళు, ప్రశాంతత కోసం వస్తారు. ఫోను మోగినా కంగారు పడని ఊరంటే మా వాళ్ళకి భలే నచ్చేసింది. మీ ఊరే ఖాయం చేశాం. ఓడ ఎల్లుండి పొద్దున్నే మీ దగ్గరుంటుంది. ఒక్క సంగతి అడగడం మర్చిపోయా. మీ రేవుకి మంచి రాతిమెట్లు ఉన్నాయి కదండీ?"

గుమాస్తా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అబద్ధమాడి ఎరగడు. నీళ్ళలోకి తొంగి చూశాడు. అడుగున పచ్చగా, వరుస తప్పినా, ఒక్కటీ తక్కువ లేకుండా మెట్లన్నీ కనిపించాయి.

"ఉన్నాయండీ," అన్నాడు.