మా వీధి బస్సుకు పదోన్నతి

మా వీధి ఆర్డినరీ బస్సును ఎక్స్‌ప్రెస్ హోదాకు పెంచారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. బస్సు అదే. డ్రైవరూ అతడే. వాన పడితే లోపల గొడుగు వేసుకోవలసిన మూడో సీటూ అక్కడే ఉంది. రంగు మాత్రం మారింది.

ఈ ఘనత మా సంక్షేమ సంఘం అధ్యక్షులవారిది. పక్క వీధిలో డీలక్స్ పోతుంటే మన గుమ్మాల ముందు ఆర్డినరీ ఆగడమేమిటని వారికి కంటిమీద కునుకు లేదు. పాపం, ఆ బెంగతో బస్సు ఎక్కడం ఎప్పుడో మానేసి కారులోనే తిరుగుతున్నారు. సభ పెట్టి, "సోదరులారా, మన పరువు నాలుగు చక్రాల మీద ఉంది" అన్నారు. అందరం చేతులెత్తాం. ఆసుపత్రిలో ఆయాగా చేసే ఎదురింటి వదిన ఒక్కతే లేచి, ఎక్స్‌ప్రెస్ అయితే ఇక్కడ ఆగుతుందా అని అడిగింది. శుభమా అని సభ పెట్టుకుంటే ఇవేం మాటలని ఆమెను కూర్చోబెట్టాం.

మొదటి రోజు బస్సు ఠీవిగా వచ్చింది. అంతే ఠీవిగా వెళ్లిపోయింది. ఎక్స్‌ప్రెస్ ఎక్కడ పడితే అక్కడ ఆగదు కదా. మేం చప్పట్లు కొట్టాం. వదిన చెప్పులు చేతబట్టుకుని దాని వెనక పరుగెత్తింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తామని పెద్ద నర్సు చెప్పిందట. పరువు గల వీధిలో ఆ పరుగేమిటని అధ్యక్షులవారు నొచ్చుకున్నారు.

వదిన కాలవ అవతలి పేటకు నడిచి అక్కడ ఆర్డినరీ ఎక్కసాగింది. వారం తిరక్కుండా మేమూ బయల్దేరాం, టిఫిన్ క్యారేజీలు చాటుగా పట్టుకుని. బస్సులో ఒకరినొకరు గుర్తుపట్టకుండా జాగ్రత్తపడేవాళ్లం. వదిన మాత్రం "ఏం బావగారూ, వాకింగా?" అని వరసపెట్టి పలకరించేది. బొత్తిగా మర్యాద తెలియని మనిషి.

ఇంతమంది పెద్దమనుషులు తమ బస్సెక్కడం చూసి ఆ పేటవాళ్లకూ పౌరుషం పొడుచుకొచ్చింది. తమ బస్సునూ ఎక్స్‌ప్రెస్ చేయించాలని వాళ్లూ సభ పెట్టారు. ముఖ్య అతిథి మా అధ్యక్షులవారే. వదిన అక్కడా లేచింది.

"మీకు దండం పెడతాను. ఇదీ ఆగకపోతే నా పని పోతుంది. ఇంకో బస్సు లేదు. దీన్నైనా ఆగనివ్వండి."

సభలో అందరి గుండెలూ కరిగాయి. తర్వాత చేతులెత్తమన్నారు. రోజూ ఆ బస్సులోనే ఆఫీసుకు వెళ్లేవాణ్ణి, అటూ ఇటూ చూశాను. అందరివీ లేచే ఉన్నాయి. నేనూ ఒక చెయ్యి ఎత్తాను. రెండో చేతిలో టిఫిన్ క్యారేజీ ఉండిపోయింది గానీ, లేకపోతే రెండూ ఎత్తేవాణ్ణి.