సముద్రానికి సెలవు దొరికిన వారం

హైమావతి కుటుంబం దీవుల జిల్లాకు వెళ్ళాలనుకున్న వారంలోనే అక్కడి సముద్రానికి సెలవు మంజూరైంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. సముద్రం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క పూట కూడా సెలవు పెట్టలేదు. పేరుకుపోయిన సెలవులు ఈ వేసవిలో వాడుకోకపోతే మురిగిపోతాయని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సముద్రం వెళ్ళనంది. వెళ్ళి తీరాలన్నారు.

ఈ కబురు గుడివాడలో వాళ్ళ ఇంటికి ఫోన్లో వచ్చింది. చేసినవాడు తవిటినాయుడు. సముద్ర విభాగంలో సెలవుల సెక్షన్ చూస్తాడు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి దీవులకు వెళ్ళి స్థిరపడ్డాడు. మనిషి దీవుల్లోనే పుట్టినా యాస మాత్రం ఇంకా ఓడ దిగలేదు.

"మీరు రావడానికేటీ ఇబ్బంది నేదు బాబూ. గదులున్నాయి, ఇసకుంది, కొబ్బరి సెట్లున్నాయి. సముద్రానికి బదులు ఇంచార్జి గావాల, అంతే. దిగినోల్ల ఇంట్లోంచే ఒకల్ని పెట్టుకోడం మా కాడ వాడుక. ఆ వారం దిగీది మీరొక్కలే."

హైమావతి భర్త మురళీధర్ ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆయనకు కోపం రాలేదు. "పాపం, దానికి మాత్రం ఈఎల్స్ ఉండవా?" అన్నాడు. ఛార్జి అప్పగించకుండా ఎవరూ సెలవు మీద వెళ్ళకూడదన్నది ఆయనకు అన్నప్రాశన నాటి నుంచి తెలిసినట్టే. సముద్రం ఆ పద్ధతి పాటించడం ఆయనకు నచ్చింది.

అత్తగారు సుభద్రమ్మ మాత్రం మొదటి నుంచీ ఈ ప్రయాణానికి వ్యతిరేకం. "బస్సెక్కితే బందరు. బందర్లో సముద్రం. దాన్ని వదిలేసి విమానం ఎక్కుతారట, అక్కడ సముద్రమే లేదట!"

"అది మన సముద్రం నాన్నమ్మా. అందులో చూడ్డానికేముంది?" అన్నాడు మనవడు జయంత్.

ప్రయాణం సంగతి మొదలైన రోజున హైమావతి ఒకే ఒక్క కోరిక చెప్పింది. ఒడ్డున కుర్చీలో కూర్చోవాలి. పాదాలు నీళ్ళలో పెట్టాలి. ఎవరో ఒకరు టీ తెచ్చి చేతికివ్వాలి. ఆ టీ చల్లారకముందే తాగాలి. పెళ్ళయ్యాక ఆమె ఇంట్లో ఏ టీనీ వేడిగా తాగలేదు. మురళీధర్ సరేనని గదులతో పాటు ఆమె పేరున ఒక కుర్చీ కూడా బుక్ చేశాడు.

ఇంచార్జికి ఉండాల్సిన అర్హతలు తవిటినాయుడు చెప్పాడు. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయాలి. ఎవరూ చూడకపోయినా చేయాలి. విసిరిన వస్తువు ఎవరిదో కనుక్కుని ఒడ్డుకు చేర్చాలి. ముఖ్యంగా, అయిపోయింది అనే మాట రాకూడదు.

ఎవరిని పంపాలన్నది ఆదివారం సాయంత్రం హాల్లో తేల్చారు. తనకు అభ్యంతరం లేదని మురళీధర్ అన్నాడు. కానీ ఆఫీసు నుంచి ఫోన్లు వస్తాయి, నీళ్ళలో సిగ్నల్ ఉండదు. సుభద్రమ్మ మోకాళ్ళు చూపించింది. జయంత్ తాను చేస్తానని లేచి, సోఫా దగ్గర నుంచి టీవీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి సగంలో ఆగి, "తినడానికేమైనా ఉందా అమ్మా?" అన్నాడు.

"సముద్రం అలా ఆగదురా," అంది కూతురు లిఖిత.

హైమావతి వంటింట్లోంచి పకోడీలు తెచ్చి పెట్టింది. వెనక్కి వెళ్ళింది. మంచినీళ్ళు తెచ్చింది. వెళ్ళింది. సుభద్రమ్మకు ఉల్లిపాయ లేని వాయి వేరే తెచ్చింది. వెళ్ళింది. జయంత్ సోఫా మీద పడేసిన సాక్సు చేతిలోకి తీసుకుంది. వెళ్ళింది. అప్పటికి అందరూ ఆమెనే చూస్తున్నారు.

"అదిగో," అంది సుభద్రమ్మ.

"మరి నా కుర్చీ?" అంది హైమావతి.

"నీకేం, అందరికంటే నీళ్ళకు దగ్గరగా ఉండేది నువ్వేగా!" అన్నాడు మురళీధర్. ఆయన ఎగతాళికి అనలేదు. ఆలోచిస్తే అది నిజం కూడా. హైమావతి ఆలోచించింది. తర్వాత వెళ్ళి చింతకాయ పచ్చడి, కందిపొడి, రైసు కుక్కరు సర్దింది.

ఛార్జి అప్పగింత దిగిన రోజు ఉదయమే జరిగింది. తవిటినాయుడు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. హైమావతి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చీలమండల దాకా దిగింది, మోకాళ్ళ దాకా దిగింది. ఆ పైన దిగడానికి ఆమె లేదు. ఉన్నదంతా నీళ్ళే. అదే సమయంలో సముద్రం బయటికి వచ్చి, చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుంది. అది హైమావతి పేరున బుక్ చేసిన కుర్చీ. సెలవు మీద ఇంకెక్కడికైనా వెళ్ళొచ్చు కదా అని అడిగితే, తనకు ఈ ఊరు తప్ప వేరే ఊరు తెలియదంది.

ఆ వారం సముద్రం బాగుందని అందరూ అన్నారు. పోటు చెప్పిన వేళకంటే కాస్త ముందే వచ్చేది. హైమావతికి అలారం మోగకముందే లేవడం అలవాటు. జయంత్ చెప్పు ఒకటి కొట్టుకుపోతే రెండో అలకే తిరిగొచ్చింది. లిఖిత వదిలేసిన తువ్వాలు ఒడ్డుకు చేరేసరికి మడతపెట్టి ఉంది. పిల్లలు నడుము లోతు దాటి వెళ్ళబోతే నీళ్ళే వెనక్కి నెట్టేవి. మురళీధర్ పొద్దున్నే ఒడ్డుకు వచ్చి, "కళ్ళజోడెక్కడ పెట్టాను?" అనేవాడు. నీళ్ళు దాన్ని ఆయన కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళేవి. ఆయన వంగి తీసుకుని ఫోను చూసుకునేవాడు.

సుభద్రమ్మ ఒకసారి నోట్లో నీళ్ళు పడి ఉమ్మేసింది. "ఉప్పు తక్కువైంది," అంది.

"ఆయనకి బీపీ కదత్తయ్యా," అని నీళ్ళలోంచి వినపడింది.

తవిటినాయుడు రోజూ వచ్చి చూసి వెళ్ళేవాడు. "మా సముద్రం కూడా ఇంత పద్ధతిగా సెయ్యదు బాబూ. అది అప్పుడప్పుడు ఇసుగుద్ది. ఈయమ్మకి ఇసుగన్నదే నేదు. ఎక్కడ నేర్సింది?"

"ఇంట్లోనే," అన్నాడు మురళీధర్ గర్వంగా.

బయల్దేరే రోజున ఇబ్బంది వచ్చింది. మధ్యాహ్నం బోటు. పొద్దున్నే సముద్రం వచ్చి ఛార్జి తీసుకోవాలి. సముద్రం కుర్చీలోంచి లేవలేదు. ఇంకో పూట సెలవు పొడిగించమని చెప్పి కళ్ళు మూసుకుంది. నియమం ప్రకారం పొడిగించక తప్పదన్నాడు తవిటినాయుడు. సముద్రం బోటు వేళకు లేస్తుంది. అప్పటిదాకా హైమావతి అలాగే ఉండాలి, తర్వాత సరాసరి బోటెక్కాలి.

ఒక అల వచ్చి అతని చెప్పుల దగ్గర ఆగింది.

"నాయుడుగారూ, నాకు కాసేపు కూర్చోవాలనుంది," అంది హైమావతి.

"కూకోండమ్మా, ఎవులొద్దన్నారు? పక్క కుర్చీ ఇప్పుడు కాళీయే. ఈలోగా ఇంకొకలు దిగాల, అంతే. నీళ్ళు నేకుండా ఒడ్డుంటే బాగోదు గదా."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. మురళీధర్ ఫోన్ మోగింది. ఆయన చెయ్యి ఊపి కొబ్బరి చెట్ల వైపు నడిచాడు. జయంత్ అప్పుడే తల తుడుచుకున్నానన్నాడు. సుభద్రమ్మ లిఖిత వైపు తిరిగింది.

"వెళ్ళవే. ఆడపిల్లవు, ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందేగా. పై ఊళ్ళో చదువుకెళ్ళేలోపు ఒక పనన్నా వచ్చినట్టుంటుంది."

"నాకేం వచ్చని నాన్నమ్మా?"

"మీ అమ్మకు మాత్రం పుట్టగానే వచ్చిందా?"

వద్దని హైమావతి అనబోయింది. ఆ మాట తీరం దాకా వచ్చి వెనక్కి పోయింది.

"కాసేపేగా," అంది లిఖిత. చున్నీ నడుముకు చుట్టుకుని దిగింది. హైమావతి బయటికి వచ్చింది. చీర కొంగు పిండుకుంది. ఎవరైనా పిలుస్తారేమోనని ఒక క్షణం నిలబడింది. ఎవరూ పిలవలేదు. వెళ్ళి సముద్రం పక్క కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపింది. నీళ్ళు వచ్చి పాదాలకు తగిలాయి. అనుకున్న దానికంటే వెచ్చగా ఉన్నాయి.

రిసార్టు మనిషి టీ తెచ్చి చేతికిచ్చాడు. గ్లాసు కాలుతోంది. ఆమె మొదటి గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"మీ అమ్మాయా?" అంది సముద్రం.

"అవునండి. ఇంటర్ అయింది. కంప్యూటర్స్‌లో చేరతానంటోంది."

"చురుకైన పిల్లలా ఉంది."

"మీరు ఎప్పటి నుంచి చేస్తున్నారండి?" అని హైమావతి మర్యాదకు అడిగింది.

"గుర్తులేదు. మా అమ్మ చేసేది. కాళ్ళు లాగుతున్నాయి, ఒక్క టీ తాగి వస్తాను, అందాకా చూసుకోమంది. నేను దిగాను."

"తర్వాత?"

"తాగుతూనే ఉండేది," అంది సముద్రం. దాని గొంతులో నిష్ఠూరం లేదు. "ఇక్కడ కూర్చున్నాక తెలిసింది. అమ్మను తప్పు పట్టలేం."

కొబ్బరి చెట్ల అవతల బోటు కూత వేసింది. అది మొదటి కూత. రెండు కూతల తర్వాత గానీ బోటు కదలదని తవిటినాయుడు చెప్పాడు. మురళీధర్ ఫోన్లోనే ఉన్నాడు. సుభద్రమ్మ పెట్టెలు లెక్కపెట్టుకుంటోంది.

"అమ్మా, సరిగ్గా చేస్తున్నానా?" అని నీళ్ళలోంచి లిఖిత అడిగింది.

హైమావతి చెవి పెట్టి విన్నది. అల బాగానే లేస్తోంది. విరగడం కూడా బాగానే ఉంది. వెనక్కి వెళ్ళేటప్పుడు మాత్రం గులకరాళ్ళను ఈడ్చుకుపోతూ గరగరలాడుతోంది.

"ముందుకొచ్చేటప్పుడు ఎంత చప్పుడైనా చెయ్యి తల్లీ," అంది. "వెనక్కి వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరికీ వినపడకూడదు."

తర్వాతి అల వచ్చింది, విరిగింది, చప్పుడు లేకుండా వెనక్కి వెళ్ళింది. పిల్లకు పని తొందరగా పట్టుబడుతుందని హైమావతికి తెలుసు. గ్లాసు ఖాళీ అయింది. ఆమె చెయ్యెత్తి రిసార్టు మనిషిని పిలిచి, ఇంకో టీ చెప్పింది.