ఒదాలిస్ హార్డ్ డిస్క్ హత్య కేసు

మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకు కమగ్వే పట్టణంలో పోయిన కరెంటు వచ్చింది. వచ్చిన నిమిషంలోనే ఒదాలిస్ అగ్వెరో కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ పోయింది. ముందు టక్కుటక్కుమంది, తర్వాత గరగరలాడింది, ఆగిపోయింది. అప్పుడు గదిలో ఉన్నది ఒదాలిస్, ఆమె తల్లి ఎనెదీనా. పక్కింటి ఫ్రోయిలాన్ బెతన్‌కూర్ కాఫీ వాసన పట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరూ కదలకండి!" అన్నాడు ఫ్రోయిలాన్.

కదిలే ఉద్దేశం ఎవరికీ లేదు.

"ఈ ఊళ్లో మెదడుని దాని అసలు పనికి వాడే మనిషి ఒక్కడే ఉన్నాడు. మీ అదృష్టం, అతను మీ గుమ్మంలోనే నిలబడ్డాడు. హార్డ్ డిస్కులు చావవు అమ్మాయ్. వాటిని చంపుతారు!"

"ఒరేయ్ ఫ్రోయిలాన్, అక్కడే ఆగు," అంది ఎనెదీనా. "నేల ఇప్పుడే తుడిచాను. ఇంకా ఆరలేదు."

ఫ్రోయిలాన్ ఆగలేదు. నాలుగడుగులు లోపలికి వేసి, వెనక్కి తిరిగి, నేల వైపు వేలు చూపించాడు.

"చూశారా? చెప్పుల గుర్తులు! తాజావి! హంతకుడు గుమ్మంలోంచి వచ్చాడు, కుడికాలు కాస్త ఈడుస్తాడు."

"ఆ గుర్తులు ఎక్కడ ఆగాయో కూడా చూడు," అంది ఎనెదీనా.

అవి ఫ్రోయిలాన్ కాళ్ల దగ్గర ఆగాయి.

ఫ్రోయిలాన్ చుట్టల ఫ్యాక్టరీలో పాఠకుడు. కార్మికులు పొగాకు చుడుతుంటే, ఎత్తు కుర్చీలో కూర్చుని వాళ్లకు పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదివి వినిపించడం అతని ఉద్యోగం. ఆ నవలల్లో సగం డిటెక్టివ్ నవలలు. ప్రతి పాత్రకూ ఒక గొంతు పెట్టి చదువుతాడు. హంతకుడి మాటల్ని బొంగురుగొంతుతో చదివే అలవాటు వల్ల కార్మికులకు రెండో అధ్యాయంలోనే హంతకుడు తెలిసిపోయేవాడు. ఇంతకుముందు వీధిలో రెండు కేసులు పట్టాడు. రెండింటిలోనూ పోయిన వస్తువు అతని ఇంట్లోనే దొరికింది.

"ఇంతకీ పోయిందేమిటి?" అని అడిగాడు, కుర్చీ లాక్కుని.

"నా లైబ్రరీ," అంది ఒదాలిస్.

"ఎన్ని పుస్తకాలు?"

"పుస్తకాలు కాదు ఫ్రోయిలాన్ గారూ. వీడియోలు కూర్చడానికి నేను సొంతంగా చేసి పెట్టుకున్నవి. రంగుల సెట్టింగులు, ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ వచ్చే పద్ధతులు, చప్పుళ్లు, టైటిళ్లు. అన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మ అక్షరాలు కూడా."

ఎనెదీనా నేల తుడిచే గుడ్డ పక్కన పెట్టింది.

ఎనెదీనా ఒకప్పుడు బోర్డులు రాసే మనిషి. రొట్టెల కొట్టు, మందుల షాపు, మంగలి షాపు, ఆ పేటలో చేత్తో రాసిన బోర్డు ఏదైనా ఆమె రాసిందే. ఆరేళ్ల కిందట కూతురి కోసం అట్టల మీద వర్ణమాల మొత్తం బ్రష్షుతో గీసింది. ఒదాలిస్ వాటిని స్కాన్ చేసి, వీడియోల్లో పేర్లు వేయడానికి టైటిళ్లుగా మార్చుకుంది. మరుసటి వానల్లో పైకప్పు కారి అట్టలు పోయాయి. ఆ తర్వాత ఎనెదీనా చేతులకు వణుకు వచ్చింది. పేటలో ఏ ఆడపిల్లకి పదిహేనో పుట్టినరోజు చేసినా, హాల్లో వాల్ట్జ్ నాట్యం మొదలుకాకముందు తెర మీద పడే పేరు ఆ అక్షరాల్లోనే పడాలి. వచ్చే శనివారం లియనెత్ వంతు. ఆ పిల్ల అక్కలిద్దరి పేర్లూ అలాగే పడ్డాయి.

రెండో డిస్కులో ఒక కాపీ ఉండేది. పోయిన నెల ఒక పెళ్లి వీడియోకు చోటు చాలక, మళ్లీ కాపీ చేసుకోవచ్చులే అని ఒదాలిస్ దాన్ని తుడిచేసింది.

బుధవారం ఆమె డిస్కుని రిపేరు చేసే అతని దగ్గరికి తీసుకెళ్లింది. అతను మూత విప్పి చూసి, మళ్లీ మూసి, ఆమె చేతిలో పెట్టాడు. "లోపలి పలక గీరుకుపోయిందక్కా. దీన్ని ఇంక తలుపుకి అడ్డం పెట్టుకోవడమే."

ఇంటికి వచ్చేసరికి ఎనెదీనా బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా అట్ట, నల్లరంగు డబ్బా, బ్రష్షు ఉన్నాయి. అట్ట మీద ఒక్క అక్షరం గీసి ఉంది. ఎనెదీనా దాన్ని బోర్లించింది.

"పాము పాకినట్టుంది," అంది. "బియ్యంలో రాళ్లు ఏరావా?"

"లేదమ్మా."

"ఏరు మరి."

ఫ్రోయిలాన్ కూడా ఊరికే కూర్చోలేదు. చనిపోయిన డిస్కుని భూతద్దంతో పరిశీలించి, దాని మీద పొగాకు పొడి ఉన్నట్టు కనిపెట్టాడు. హంతకుడు చుట్టలు కాలుస్తాడని ప్రకటించాడు. ప్రకటిస్తున్నప్పుడు అతని నోట్లో చుట్ట ఉంది. బూడిద డిస్కు మీదే రాలుతోంది.

"అసలు ప్రశ్న ఒక్కటే," అన్నాడు. "ఈ చావు వల్ల లాభం ఎవరికి? మైకేల్‌కి!"

మైకేల్ రైలు పట్టాలకు అవతల ఉంటాడు. అతనూ పుట్టినరోజు వీడియోలు చేస్తాడు.

"మైకేల్ పాపం పొద్దున్నే ఫోన్ చేశాడండీ. తన టైటిళ్లు వాడుకోమన్నాడు."

"చూశావా? పశ్చాత్తాపం! నేరస్థుడు నేరం జరిగిన చోటికి తిరిగి వస్తాడు. ఈ రోజుల్లో ఫోన్ చేస్తాడు."

"మీరు అతని జోలికి వెళ్లకండి. వాళ్లమ్మ నాకు స్నేహితురాలు."

"రేపు మారువేషంలో వెళ్తున్నాను," అన్నాడు ఫ్రోయిలాన్.

మారువేషం అంటే నల్లకళ్లద్దాలు, భుజానికి ఒక సంచి. గురువారం పొద్దున అతను గుమ్మం దాటడం చూసి ఒదాలిస్ కూడా బయల్దేరింది, మైకేల్ ఇంట్లో గొడవ కాకుండా ఆపడానికి. కమగ్వే వీధులు చిక్కుపడ్డ దారంలా ఉంటాయి, అక్కడ పుట్టినవాడు కూడా ఆలోచిస్తూ నడిస్తే దారి తప్పుతాడు. ఫ్రోయిలాన్ ఆలోచిస్తూ నడిచాడు. నల్లకళ్లద్దాలు కూడా ఉన్నాయి.

"ఇది మైకేల్ వీధి కాదు," అంది ఒదాలిస్.

"అలా అనుకోవాలనే మైకేల్ ఇక్కడ ఉంటున్నాడు," అని ఫ్రోయిలాన్ తలుపు బాదాడు.

తలుపు తీసింది జుట్టుకి రోలర్లు చుట్టుకున్న పెద్దావిడ. ఫ్రోయిలాన్ తన దగ్గరున్న అన్ని గొంతుల్లోంచి హంతకుడి గొంతు తీశాడు.

"ఆట ముగిసింది. డిస్కు ఇచ్చెయ్!"

"ఇప్పుడా రావడం?" అంది ఆవిడ. "నిన్నటి నుంచి ఎదురుచూస్తున్నాను. గొంతు బాగాలేదా నాయనా? తేనెలో నిమ్మకాయ పిండుకో."

లోపలికి వెళ్లి, వంటగుడ్డలో చుట్టిన హార్డ్ డిస్కు తెచ్చి అతని సంచిలో పెట్టింది.

"టర్కీ సీరియల్ ఎక్కించు. పోయినవారం ఇచ్చినదాంట్లో ఆఖరి భాగం లేదు. ఆ పిల్ల బతికిందో చచ్చిందో తెలీక నాకు అన్నం సయించడం లేదు. కొట్టుకునే సినిమాలు మాత్రం వద్దు."

ఒదాలిస్‌కి విషయం అర్థమైంది. సీరియళ్లు, సినిమాలు, పాటలు వారానికోసారి డిస్కులో వేసుకుని ఇంటింటికీ తిరిగే సరుకుని ఊళ్లో అందరూ ప్యాకెట్టు అంటారు. ఇళ్లవాళ్లు డిస్కు ఇస్తారు, ప్యాకెట్టువాడు నింపి తెచ్చి ఇస్తాడు. ప్యాకెట్టువాళ్లందరికీ భుజాన ఇలాంటి సంచే ఉంటుంది.

"అమ్మా, ఇది మైకేల్ ఇల్లు కాదు కదూ?"

"ఏ మైకేలు? వీడియోల అబ్బాయా? పట్టాలు దాటి వెళ్లాలి. నేను ఒబ్దూలియాని. ఉండండి, బీన్స్ మాడుతున్నాయి." తలుపు మూసుకుంది.

"ప్రతిఘటన లేదు," అన్నాడు ఫ్రోయిలాన్. "ఆడమనిషిని కాపలా పెట్టాడు. తెలివైనవాడు!"

"ఫ్రోయిలాన్ గారూ, మీరు ఒక ముసలావిడ దగ్గర సీరియళ్ల డిస్కు పట్టుకొచ్చారు."

"సాక్ష్యం పట్టుకొచ్చాను."

"తిరిగి ఇచ్చేద్దాం పదండి."

"ఖాళీగానా?" ఫ్రోయిలాన్ మొదటిసారి ఆలోచనలో పడ్డాడు. "ఆఖరి భాగం లేకుండా ఇస్తే ఆవిడ ఊరుకుంటుందా? ఫ్యాక్టరీలో ఒకసారి చివరి పేజీలు చిరిగిన నవల చదివాను. నెలరోజులు నన్ను వెనక గేటులోంచి పంపాల్సి వచ్చింది."

ఒదాలిస్ సంచి అందుకుని దారి మార్చింది. ఇద్దరూ యోస్వానీ ఇంటికి వెళ్లారు. తమ వీధికి ప్యాకెట్టు ఇచ్చేది అతనే. ముందుగదిలో మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. ఫ్యాను కంప్యూటర్ల వైపే తిరిగి ఉంది.

"రా అక్కా. మాస్టారూ, ఆ కళ్లద్దాలేమిటి, కండ్లకలకా?"

"నన్ను గుర్తుపట్టావంటే నువ్వూ సామాన్యుడివి కాదు," అని ఫ్రోయిలాన్ అతని వైపు అనుమానంగా చూశాడు.

యోస్వానీ డిస్కు తగిలించి ఈల వేశాడు. "దీంట్లో సూది పట్టే చోటు లేదక్కా. ఎవరిది?"

"పట్టాల దగ్గర ఒబ్దూలియా అట."

"ఓ, ఆవిడా! ఆవిడ ఏదీ తుడవనివ్వదు. ఒకటి తుడిస్తే పక్కది కూడా పోతుందని భయం. మా తమ్ముడు ఆ వీధికి వెళ్లేవాడు, ఆవిడతో పడలేక ఈ వారమే మానేశాడు. ఏదో ఒకటి తీసేస్తేగానీ సీరియల్ ఎక్కదు." అతను వేలితో తెర మీద కిందికి జరుపుకుంటూ వెళ్లాడు. "ఇదుగో, అన్నిటికంటే పెద్దది. ఎవరూ ఎప్పుడూ తెరిచినట్టు లేదు. దీన్ని లేపేస్తా."

ఒదాలిస్ తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటోంది. లియనెత్ తల్లి నుంచి సందేశం వచ్చింది: శనివారానికి అంతా సిద్ధమేనా, పిల్ల రోజూ అడుగుతోంది, ఎనెదీనా అమ్మ అక్షరాలే కదా? జవాబు రాయడం మొదలుపెట్టి, చెరిపి, మళ్లీ మొదలుపెట్టింది.

తెర మీద ప్రశ్న వచ్చింది: నిజంగా తుడిచేయాలా?

సరిగ్గా అప్పుడే ఫ్రోయిలాన్ కేసు తేల్చడానికి సిద్ధమయ్యాడు. కళ్లద్దాలు తీశాడు. గొంతు సవరించుకున్నాడు. నవలల్లో డిటెక్టివులు నిప్పుగూటికి మోచెయ్యి ఆనించి మాట్లాడతారు. యోస్వానీ ఇంట్లో నిప్పుగూడు లేదు. ఫ్రోయిలాన్ కీబోర్డుకి ఆనించాడు.

"హంతకుడు," అన్నాడు, "ఈ గదిలోనే ఉన్నాడు!"

"మాస్టారూ, మోచెయ్యి!"

ఏమీ తుడవకుండానే ప్రశ్న మాయమైంది. ఫోల్డర్ తెరుచుకుంది. తెర నిండా చిన్న చిన్న బొమ్మలు వరసగా పడ్డాయి. ఒక్కో బొమ్మలో ఒక్కో నల్లటి అక్షరం ఉంది. మొదటి అక్షరం తోక ఆకులా విచ్చుకుని ఉంది.

"ముట్టుకోకు!" అంది ఒదాలిస్. ఫోను చేతిలోంచి జారింది, వంగి తీసుకోలేదు. "యోస్వానీ, ఏదీ ముట్టుకోకు. చేతులు పైకి ఎత్తు."

యోస్వానీ చేతులు ఎత్తాడు.

"భేష్!" అన్నాడు ఫ్రోయిలాన్. "నేను అతని పేరు చెప్పకముందే నువ్వు పట్టేశావు."

"ఇవి నా అక్షరాలు. ఇవి ఒబ్దూలియా దగ్గరికి ఎలా వెళ్లాయి?"

యోస్వానీ చేతులు అలాగే ఉంచి కాసేపు ఆలోచించాడు.

"కార్నివాల్ వీడియో, అక్కా! మూడేళ్ల కిందట. నువ్వు తీసిన కార్నివాల్ వీడియో ప్యాకెట్టులో వేయమని నీ డిస్కు ఇచ్చావు కదా. కరెంటు పోయే టైమ్ దగ్గరపడింది. నీ డిస్కులో ఏది ఎక్కడుందో వెతకలేక మొత్తం కాపీ కొట్టేశాను. ఆ వారం ఊరంతా నన్ను తిట్టింది. సగం చోటు తినేసింది, ఒక్కటీ టీవీలో ఆడదు అని. అందరూ తుడిచేసుకున్నారు."

"ఆవిడ తప్ప."

"ఆవిడ తప్ప."

"ఆగండి," అన్నాడు ఫ్రోయిలాన్. "నేనింకా పొగాకు పొడి దాకా రాలేదు."

ఒదాలిస్ కుర్చీ లాక్కుని ఒక్కో అక్షరం తెరిచి చూసింది. వర్ణమాల మొత్తం ఉంది. చప్పుళ్లు ఉన్నాయి. రంగుల సెట్టింగుల్లో మొదటి మూడేళ్లవి ఉన్నాయి, తర్వాతి మూడేళ్లవి లేవు. ఆమె అన్నిటినీ మూడు కంప్యూటర్లలోనూ కాపీ చేయించింది. అది పూర్తయ్యేదాకా గడప దాటలేదు. ఫ్రోయిలాన్ ఈ లోపల పొగాకు పొడి దాకా వచ్చి, దాన్నీ దాటి, యోస్వానీ తమ్ముడి దగ్గర ఆగాడు.

చోటు కోసం ఒబ్దూలియా డిస్కులోంచి కొట్టుకునే సినిమాలు తీసేశారు. ఆఖరి భాగం ఎక్కించారు. ఆ రోజే ఫ్రోయిలాన్ స్వయంగా వెళ్లి డిస్కు ఇచ్చాడు. ముఠా నాయకురాలిని ప్రశ్నించడానికి వెళ్తున్నానని చెప్పి వెళ్లాడు. భోంచేసి, సీరియల్ చూసి, సాయంత్రం వచ్చాడు.

"ఏమంది ముఠా నాయకురాలు?" అని అడిగింది ఎనెదీనా.

"ఆ పిల్ల బతికింది, పెద్దమ్మా," అన్నాడు ఫ్రోయిలాన్. కళ్లు తుడుచుకున్నాడు.

శనివారం సాయంత్రం హాల్లో కరెంటు ఉంది. లియనెత్ గులాబీ గౌనులో మెట్ల మీద నిలబడింది. దీపాలు తగ్గించారు. తెర మీద ఒక్కో అక్షరమే బ్రష్షుతో అప్పుడే గీస్తున్నట్టు వచ్చి పేరు పూర్తయింది. వెనక వరసలోంచి ఫ్రోయిలాన్, ఈ కేసు తను ఛేదించిన తీరు పక్కవాళ్లకి వినిపిస్తున్నాడు. పక్కవాళ్లు ఉష్‌మన్నారు.

ఎనెదీనా ముందు వరసలో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో ఒకదానిలో ఒకటి పెట్టుకుంది. పేరు తెర మీద ఉన్నంతసేపూ చూసింది.

"రెండో అక్షరం వంకరగా ఉంది," అంది.

"దిద్దనా అమ్మా?"

"ఎవరు గీశారు దాన్ని?"

"నువ్వే."

"అయితే ఉండనీ," అంది ఎనెదీనా. వాల్ట్జ్ మొదలైంది.

సోమవారం ఆ వర్ణమాల యోస్వానీ ప్యాకెట్టులో మళ్లీ ఇంటింటికీ వెళ్లింది, ఈసారి ఒదాలిస్ అడిగి వేయించింది. లియనెత్ పేరులోని ఆ రెండో అక్షరం వంకరగానే ఉంది.